కొన్నాక మీ చేతిలో ఏం మిగులుతుంది? డిజిటల్ కొనుగోళ్లు, సర్వర్లు, రిపేర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

వస్తువు మీ ఇంట్లోనే ఉంటుంది, కానీ అది పనిచేయాలా వద్దా అని తేల్చేది కంపెనీ సర్వరు. ఈ మధ్య గొడవలన్నీ ఇక్కడే మొదలవుతున్నాయి. ఆ సర్వరు మీద ఎంతవరకు ఆధారపడుతున్నారో డబ్బు కట్టకముందే కనుక్కోవచ్చు, చాలా నష్టాన్ని ఆపుకోవచ్చు. కింది జవాబుల్లో ఎక్కువ భాగం అందుకోసమే.

"కొనండి" బటన్ నొక్కి పూర్తి ధర కట్టాను. ఆ సినిమా నాది కాదా?

చాలా స్టోర్లలో కాదు. మీకు దక్కేది దాన్ని చూసుకునే లైసెన్సు మాత్రమే. షరతులు రాసేది స్టోరు, మార్చేదీ స్టోరే. ఆ స్టోరుకు నిర్మాణ సంస్థతో వేరే ఒప్పందం ఉంటుంది. దాని గడువు తీరితే మీరు డబ్బు కట్టిన సినిమా కూడా మీ లైబ్రరీలోంచి పోవచ్చు.

ఈ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పి తీరాలని కాలిఫోర్నియా 2024లో ఏబీ 2426 అనే చట్టం చేసింది. అది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇస్తున్నది లైసెన్సేనని స్పష్టంగా తెలపకుండా అక్కడ డిజిటల్ సరుకును "కొనండి" అంటూ అమ్మకూడదు. శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా వాడుకోగలిగిన వాటికి ఈ నిబంధన వర్తించదు. గేముల స్టోరు స్టీమ్ 2024 అక్టోబరులోనే చెల్లింపు పేజీలో ఈ ప్రకటన పెట్టింది. అయితే ఈ చట్టం నిజం చెప్పిస్తుందే కానీ, కొన్నవాళ్లకు కొత్తగా ఏ హక్కూ ఇవ్వదు.

కొన్నవాటిని నిజంగా వెనక్కి తీసుకున్నారా?

తీసుకున్నారు, అదీ ఒకసారి కాదు. 2009 జులైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని కొన్నవాళ్ల కిండిల్ పరికరాల్లోంచి దూరం నుంచే తుడిచేసింది. అమ్మిన ప్రచురణకర్తకు హక్కులు లేకపోవడం కారణం. డబ్బు తిరిగి ఇచ్చింది, కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. కానీ పుస్తకంలో రాసుకున్న నోట్సు ఉన్నవాళ్లకు ఆ నోట్సు పనికిరాకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ 2019 ఏప్రిల్‌లో ఈ-పుస్తకాల స్టోరు మూసేసింది, జులైకల్లా కొన్న పుస్తకాలేవీ తెరుచుకోలేదు. అక్కడా డబ్బు తిరిగి వచ్చింది. నోట్సు రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు ఇచ్చారు.

2023 డిసెంబరులో సోనీ, ప్లేస్టేషన్‌లో కొన్న డిస్కవరీ కార్యక్రమాలు నెలాఖరుకల్లా పోతాయని ప్రకటించింది. జనం గట్టిగా ఎదురుతిరిగాక ఒప్పందం పొడిగించుకుని ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఇలాంటి చోట గోల చేయడం వృథా కాదు.

గేముల్లో పెద్ద వివాదం యూబీసాఫ్ట్ వారి "ద క్రూ"ది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. ఒక్కరే ఆడుకునే భాగానికి కూడా సర్వరు కావాలి కాబట్టి డిస్కు కొన్నవాళ్లు సైతం ఆడలేకపోయారు. దాంతో యూట్యూబర్ రాస్ స్కాట్ "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమం మొదలుపెట్టారు. యూరప్ పౌరుల పిటిషన్‌కు 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటాయి. వాళ్లు అడుగుతున్నది సర్వర్లు ఎప్పటికీ నడపమని కాదు. మద్దతు ఆపే రోజుకు గేమును ఆడుకోగల స్థితిలో వదిలి వెళ్లమని. ఇందులో అన్యాయం ఏమీ కనిపించదు.

ఫైలు నా కంప్యూటర్‌లోనే ఉంది కదా, అదెలా పోతుంది?

ఫైలు పోదు, తెరుచుకోదు. డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే డిజిటల్ తాళం) ఉన్న ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాన్ని విప్పే కీ మీ ఖాతాకో, ఆ పరికరానికో ముడిపడి ఉంటుంది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కీ కోసం సర్వరును అడగాల్సి వస్తుంది. ఆ సర్వరు లేకపోతే పాత పరికరం చెడిపోయే వరకే మీ లైబ్రరీ.

ఈ-పుస్తకాల్లో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కొన్ని స్టోర్లలో డౌన్‌లోడ్ నొక్కితే ఏసీఎస్‌ఎం అనే చిన్న ఫైలు వస్తుంది. కొన్ని కిలోబైట్లే ఉంటుంది. అది పుస్తకం కాదు, పుస్తకం తెచ్చుకునే చీటీ. అడోబీ డిజిటల్ ఎడిషన్స్‌లో తెరిస్తేనే అసలు ఈపబ్ లేదా పీడీఎఫ్ దిగి, మీ అడోబీ ఐడీకి తాళం పడుతుంది. ఆ చీటీలను ఫోల్డరులో దాచి బ్యాకప్ అయిందనుకుంటే, స్టోరు మూతపడ్డ రోజున చేతిలో ఏమీ ఉండదు. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది.

మరి ఎక్కడ కొంటే చేతిలో ఉంటాయి?

పాటల విషయంలో పరిస్థితి నయం. ఐట్యూన్స్ స్టోరులో విడిగా కొన్న పాటలకు 2009 నుంచి డీఆర్‌ఎం లేదు. బ్యాండ్‌క్యాంప్‌లో కొంటే ఫ్లాక్, ఎంపీ3 రూపాల్లో నేరుగా దించుకోవచ్చు. నెలవారీ చందా యాప్‌లలో "డౌన్‌లోడ్" చేసినవి మాత్రం వేరు. చందా ఆగిన తర్వాత అవి మోగవు.

గేములకు గాగ్ డాట్ కామ్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు ఇస్తుంది. పెద్ద గేము అయితే సెటప్ ఫైలుతో పాటు బిన్ ఫైలు భాగాలు కొన్ని ఉంటాయి. ఒక్క భాగం తగ్గినా ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతుంది, కాబట్టి అన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకసారి నెట్ తీసేసిన కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి చూశాకే దాన్ని బ్యాకప్‌గా లెక్కించండి. స్టీమ్‌లో డీఆర్‌ఎం పెట్టాలా వద్దా అన్నది గేము తయారీదారు ఇష్టం. కొన్ని గేములు స్టీమ్ నడవకపోయినా ఫోల్డరులోంచే తెరుచుకుంటాయి.

పుస్తకాల్లో కొందరు ప్రచురణకర్తలు తాళం వేయకుండానే అమ్ముతారు. సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ 2012 నుంచి అలాగే చేస్తోంది. పుస్తకం వివరాల పేజీలో ఈ సంగతి రాసి ఉంటుంది, కొనేముందు చూడండి.

సినిమాల్లో మాత్రం పెద్ద స్టోర్లలో తాళం లేనిది దొరకడం అరుదు. అపురూపమనుకున్నది డిస్కులో కొనుక్కోవడమే మేలు.

నేను కొన్నదానికి తాళం విప్పి సొంత కాపీ ఉంచుకుంటే తప్పా?

దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం, సెక్షన్ 1201 ప్రకారం కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేకపోయినా తాళం విప్పడమే చట్టవిరుద్ధం. మూడేళ్లకోసారి కాపీరైట్ కార్యాలయం మినహాయింపులు ప్రకటిస్తుంది. ఫోను అన్‌లాక్ చేయడం, సొంత పరికరాన్ని రిపేరు కోసం విప్పడం వాటిలో ఉన్నాయి. 2024 అక్టోబరులో దుకాణాల్లోని ఆహార తయారీ యంత్రాల రిపేరుకూ మినహాయింపు వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ ఐస్‌క్రీమ్ యంత్రాల రిపేరుపై సాగిన గొడవ ఫలితం అది. కానీ మినహాయింపు విప్పే పనికే తప్ప, విప్పే సాధనాన్ని తయారుచేసి పంచడానికి వర్తించదు. సొంతంగా సాధనం రాసుకోలేని మామూలు వినియోగదారుకు ఇలాంటి మినహాయింపు కాగితం మీదే మిగులుతుంది. ఈ చట్టంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

భారతదేశంలో 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ వేరుగా రాశారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పితేనే శిక్ష. చట్టం నిషేధించని పనికోసం విప్పడాన్ని అది ఆపదు.

స్మార్ట్ పరికరం ఇంట్లోనే ఉండగా కంపెనీ మూతపడితే ఎందుకు ఆగిపోతుంది?

మీరు యాప్‌లో లైటు వేయమని నొక్కితే, ఆ ఆదేశం చాలా పరికరాల్లో ముందు కంపెనీ సర్వరుకు వెళ్లి, అక్కడినుంచి మీ ఇంట్లోని లైటుకు వస్తుంది. తయారీదారుకు అలా చేయడం సులువు. సర్వరు ఆగితే ఆదేశానికి దారి లేదు. ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ నడిపే, సుమారు 300 డాలర్లు పెట్టి కొన్న రివాల్వ్ హబ్‌లను 2016 మే 15న గూగుల్ అనుబంధ సంస్థ నెస్ట్ ఇలాగే ఆపేసింది. 2022 ఏప్రిల్‌లో స్మార్ట్ హోమ్ కంపెనీ ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. ఆ తర్వాత జూన్‌లో దాని వినియోగదారుల్లోనే కొందరు కలిసి కంపెనీని కొని నిలబెట్టారు.

కంపెనీ మూతపడకపోయినా ఆగవచ్చు. 2025 మార్చి 9న ఫోనులోని వీడియోను టీవీలో, పాటలను స్పీకర్లలో నడిపే గూగుల్ పరికరాలు, అంటే రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. లోపల ఉన్న భద్రతా సర్టిఫికెట్‌కు గడువు తీరింది. గూగుల్ కొద్ది రోజుల్లో అప్‌డేట్ పంపింది. కానీ ఈలోగా ఫ్యాక్టరీ రీసెట్ చేసినవాళ్లకు మళ్లీ సెటప్ చేయడం అదనపు కష్టమైంది. సర్వరు వైపు గండం అనిపించినప్పుడు రీసెట్ జోలికి పోకండి. రెండు రోజులు ఆగి చూడండి.

కొన్న వెంటనే ఎలా పరీక్షించాలి?

వాపసు ఇచ్చే గడువు లోపలే చేయండి, అరగంట పని. వై-ఫై ఆపకండి. రూటరు ఆన్‌లోనే ఉంచి, దానికి బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ మాత్రం తీసేయండి. ఫోనులో మొబైల్ డేటా తప్పకుండా ఆపండి. లేకపోతే యాప్ బయటి దారిన సర్వరును పట్టుకుని, బాగానే పనిచేస్తున్నట్టు మిమ్మల్ని నమ్మించవచ్చు.

ఇప్పుడు పరికరం మీది బటన్లు, యాప్, మీరు పెట్టిన షెడ్యూలు ఒక్కొక్కటే చూడండి. తర్వాత పరికరానికి కరెంటు తీసి, నిమిషం ఆగి మళ్లీ ఇవ్వండి. ఎక్కువ వస్తువులు పట్టుబడేది ఇక్కడే. లోపల గడియారం నిలబెట్టే బ్యాటరీ లేని వస్తువు సమయాన్ని నెట్ నుంచే తెచ్చుకుంటుంది. నెట్ లేనప్పుడు కరెంటు పోయి వస్తే టైము తెలియక షెడ్యూలు నడవదు. చివరగా నెట్ లేకుండానే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మళ్లీ సెటప్ అవుతుందేమో చూడండి. కాకపోతే, సర్వరు పోయాక ఇల్లు మారినా, వై-ఫై పాస్‌వర్డ్ మార్చినా ఆ వస్తువు పని అయిపోయినట్టే.

కొనకముందే చూడాలంటే పెట్టె మీద మ్యాటర్, జిగ్‌బీ, జెడ్-వేవ్ గుర్తులు వెతకండి. ఇవి స్మార్ట్ పరికరాలు ఇంట్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతులు. మ్యాటర్ పరికరాలకు ఆదేశాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే నడుస్తాయి, తయారీదారు యాప్‌లోని అదనపు సౌకర్యాలకు ఆ హామీ లేదు. కెమెరా అయితే ఆర్‌టీఎస్‌పీ లేదా ఆన్‌విఫ్ అనే ఉమ్మడి వీడియో పద్ధతి ఉండాలి. అవి ఉంటే కంపెనీ యాప్ పోయినా వేరే సాఫ్ట్‌వేర్‌తో వీడియో చూసుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. వీటన్నిటినీ ఒకచోట నడపడానికి హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చిన్న కంప్యూటర్‌లో నడుస్తుంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

ప్రింటరు నిన్నటిదాకా తీసుకున్న బయటి కాట్రిడ్జ్‌ను ఇవాళ ఎందుకు వద్దంటోంది?

కాట్రిడ్జ్ మీద చిన్న చిప్ ఉంటుంది. ప్రింటరు దాన్ని ప్రశ్నించి, జవాబు నచ్చితేనే ఇంకు వాడుతుంది. అప్‌డేట్‌తో ఆ ప్రశ్న మారితే బయటి చిప్‌కు జవాబు తెలియదు. 2016 సెప్టెంబరు 13న అనేక హెచ్‌పీ ప్రింటర్లు ఒకేరోజున బయటి కాట్రిడ్జ్‌లను తిరస్కరించడంతో ఈ పద్ధతి లోకానికి తెలిసింది. ఇంకు చెడ్డది కాదు, యంత్రం చెడిపోలేదు. ఇది కంపెనీ తీసుకున్న నిర్ణయం.

కొత్త ప్రింటరును మొదటిసారి నెట్‌కు కలపకముందే దాని మెనూలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. యూఎస్‌బీ తీగతోనే వాడితే ఇంకా మంచిది, కంప్యూటర్‌లో ఎక్కించిన కంపెనీ యాప్‌లో కూడా అప్‌డేట్లు ఆపాలి. అప్‌డేట్ ఒకసారి ఎక్కాక వెనక్కి వెళ్లడం చాలా మోడళ్లలో కుదరదు. అప్పుడు మిగిలే దారి, కొత్త చిప్ ఉన్న కాట్రిడ్జ్ కోసం అమ్మినవాళ్లను అడగడం. ఇంకు చందా పథకంలో వచ్చిన కాట్రిడ్జ్‌లు వేరే కథ. హెచ్‌పీ ఇన్‌స్టంట్ ఇంక్‌లో చందా రద్దయితే సగం ఇంకు మిగిలినా ఆ కాట్రిడ్జ్ ప్రింటు చేయదు. చందా ఆపేముందు మామూలు కాట్రిడ్జ్ కొని పెట్టుకోండి.

అలాగైతే అన్ని పరికరాల్లో అప్‌డేట్లు ఆపేయమంటారా?

వద్దు. ఫోను, కంప్యూటర్, రూటరు, కెమెరాలకు భద్రతా అప్‌డేట్లు ఆపితే దొంగలకు తలుపు తీసినట్టే. ప్రింటరు లాంటి వాటికి ఆపాలనుకుంటే రూటరులో గెస్ట్ నెట్‌వర్క్ మీద విడిగా ఉంచండి, లేదా దానికి బయటి ఇంటర్నెట్ అందకుండా రూటరులోనే అడ్డుకట్ట వేయండి.

అసలు పార్టే వేయించినా ఫోను హెచ్చరిక చూపిస్తోంది, ఎందుకు?

పార్టులను ఫోను బోర్డుతో సీరియల్ నంబర్ల ద్వారా జతచేయడం వల్ల. అదే కంపెనీ తయారుచేసిన డిస్‌ప్లేను ఇంకో ఫోనులోంచి తీసి వేసినా, జత కుదరకపోతే కొన్ని సౌకర్యాలు ఆగుతాయి. 2016లో హోమ్ బటన్ బయట మార్పించిన ఐఫోన్లు "ఎర్రర్ 53" చూపించి పూర్తిగా పనికిరాకుండా పోయాయి. ఆపిల్ తర్వాత సరిచేసింది, కానీ ఆస్ట్రేలియాలో 2018లో 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. ఐఓఎస్ 18 నుంచి వాడిన అసలు పార్టులను ఫోనులోనే సరిజత చేసుకునే రిపేర్ అసిస్టెంట్ ఉంది. పార్టు వచ్చిన పాత ఫోనుకు యాక్టివేషన్ లాక్ (యజమాని ఖాతాతో పడే తాళం) తీయకపోతే మాత్రం అది ఒప్పుకోదు. పాత పార్టు కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రిపేరుకు ఇచ్చేముందు పూర్తి బ్యాకప్ తీసుకోండి. పాస్‌కోడ్ చెప్పకండి. శామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఇందుకే ఉన్నాయి. వాటిలో పెట్టి ఇస్తే మెకానిక్ అన్నీ పరీక్షించగలరు, మీ ఫొటోలు, మెసేజ్‌లు కనిపించవు. తిరిగి తీసుకునేటప్పుడు ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే ఏ పార్టు మారిందో, అది అసలుదో కాదో రాసి ఉంటుంది. అక్కడే నిలబడి చూసుకోండి.

బ్యాటరీ పాతబడితే ఫోను నెమ్మదిస్తుందన్నది నిజమా?

కొన్ని ఐఫోన్లలో నిజం. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజీ పడిపోయి ఫోను ఆగిపోతుంది. అలా కాకుండా ఆపిల్ 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1తో వేగానికి పరిమితి పెట్టింది. కారణం సాంకేతికంగా సబబే. అసలు తప్పు, వినియోగదారుకు విప్పి చెప్పకపోవడం. బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి ఎందరో కొత్త ఫోను కొన్నారు. 2017 డిసెంబరులో విషయం బయటపడ్డాక ఆపిల్ బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2020లో ఫ్రాన్స్‌లో 2.5 కోట్ల యూరోల జరిమానా కట్టింది.

సెట్టింగ్స్‌లో బ్యాటరీ సామర్థ్యం 80 శాతం కంటే తగ్గితే మార్పించే సమయం వచ్చినట్టు. సొంతంగా మార్చేవాళ్లు ఛార్జి 25 శాతం కిందికి దించాకే ఫోను విప్పాలి. పొరపాటున బ్యాటరీకి పనిముట్టు గుచ్చుకున్నా మంట తీవ్రత తగ్గుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, ఛార్జి పెట్టకండి.

రిపేరు హక్కు చట్టాలు ఎక్కడ ఎంతవరకు వచ్చాయి?

యూరోపియన్ యూనియన్ ముందుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్‌లోకి తెచ్చే ఫోన్లకు, అమ్మకాలు ఆపాక కూడా 7 ఏళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు, 5 ఏళ్లపాటు సిస్టమ్ అప్‌డేట్లు ఇవ్వాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి చాలా పరికరాల్లో బ్యాటరీని వినియోగదారే మార్చుకోగలిగేలా ఉండాలి. అమెరికాలో రాష్ట్రాలవారీగా సాగుతోంది. కాలిఫోర్నియాలో 100 డాలర్లు, అంతకుమించిన వస్తువులకు 7 ఏళ్లు, 50 నుంచి 100 లోపు వాటికి 3 ఏళ్లు భాగాలు, సాధనాలు, మాన్యువళ్లు అందించాలి. ఒరెగాన్ 2024లో ఒక అడుగు ముందుకేసి, రిపేరుకు అడ్డుపడేలా పార్టులను జతచేయడాన్నే నిషేధించింది. పార్టు అమ్మి, అది పనిచేయకుండా సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకుంటే మిగతా హక్కులకు విలువ లేదు కాబట్టి, అన్నిచోట్లా రావాల్సిన నిబంధన ఇదే.

నా తర్వాత నా లైబ్రరీ కుటుంబానికి వెళ్తుందా?

ఎక్కువగా వెళ్లదు. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్‌గా (మన తర్వాత ఖాతా తెరవడానికి ముందే ఎంచుకున్న వ్యక్తిగా) పెట్టినవారికి ఫొటోలు, ఫైళ్లు అందుతాయి, కొన్న సినిమాలు, పుస్తకాలు అందవు. స్టీమ్ ఖాతాను వీలునామాతో బదిలీ చేయలేరు. తాళం లేని ఫైళ్లు ఉన్న హార్డ్‌డిస్క్‌కు ఈ ఇబ్బంది లేదు.

సేవ ఆపేస్తున్నామని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ముందు ఏం చేయాలి?

యాప్ తీసేయకండి, పరికరం రీసెట్ చేయకండి, ఫోను మార్చకండి. యాప్ స్టోరులోంచి పోతే మళ్లీ దొరక్కపోవచ్చు. ఆ రోజే డేటా ఎగుమతి అభ్యర్థన పెట్టండి, చివరి వారంలో వరుస పెరిగి ఫైలు అందేసరికి గడువు దాటిపోవచ్చు. చివరి అప్‌డేట్ తప్పకుండా ఎక్కించండి. మంచి కంపెనీలు పోతూపోతూ అందులోనే దారి వదులుతాయి. నెట్ మీద గేములు ఆడించే గూగుల్ సేవ స్టేడియా 2023 జనవరి 18న మూతపడినప్పుడు, దాని కంట్రోలరును మామూలు బ్లూటూత్ కంట్రోలరుగా మార్చుకునే సాధనం ఇచ్చింది, గేములకూ పరికరాలకూ డబ్బు తిరిగి ఇచ్చింది.

బిల్లు, కొన్న తేదీ, ప్రకటనలో "జీవితకాలం" లాంటి హామీ ఉంటే దాని స్క్రీన్‌షాట్ భద్రపరచండి. డబ్బు వాపసు రాతపూర్వకంగా అడగండి, చాట్‌లో అడిగితే ఆ సంభాషణ కాపీ ఉంచుకోండి. కారులో పాటలు నడిపే స్పాటిఫై పరికరం కార్ థింగ్ 2024 డిసెంబరు 9న ఆగింది. మొదట వాపసు ఊసే లేదు, కొన్నవాళ్లు పట్టుబట్టి అడిగాకే బిల్లు చూపినవాళ్లకు డబ్బు వచ్చింది. కార్డుతో కొని ఉంటే బ్యాంకులో వివాదం నమోదుచేసే గడువు ఎంతో కనుక్కోండి.

ఆ పరికరాన్ని బతికిస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కూడా వెతకండి. పెబుల్ స్మార్ట్ వాచీల సర్వర్లు 2018 జూన్ 30న ఆగితే, వాటి అభిమానులే రెబుల్ పేరుతో ప్రత్యామ్నాయ సర్వర్లు నడిపారు. 2025 జనవరిలో గూగుల్ ఆ వాచీల సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. పరికరాన్ని అమ్మేసే ముందు, పారేసే ముందు ఈ ఒక్క వెతుకులాట పూర్తిచేయండి.